నలభై ఒకటో వారం

"నేను సాధారణంగా ఏం చేస్తారని అడగలేదండీ. ఈ సోమవారం ఏం చేశారని అడిగాను," అన్నాడు గడియారం. ఆ మాట అనడం అప్పటికి నాలుగోసారి.

సరస్సు పరిశోధన కేంద్రం డైరెక్టరు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. అదీ నాలుగోసారే.

"అదే కదండీ చెబుతున్నాను. సోమవారాలు సాధారణంగా ఐదున్నరకి ఇంటికి బయల్దేరతాను. సగటున ఇరవై నిమిషాల్లో చేరతాను."

"మొన్న సోమవారం?"

"మొన్నది కూడా సోమవారమే కదండీ."

గడియారానికి ఒళ్ళు మండిపోయింది. పద్దెనిమిదేళ్ళ పోలీసు ఉద్యోగంలో దొంగల్ని చూశాడు, హంతకుల్ని చూశాడు, అబద్ధాన్ని నిజంకంటే ముచ్చటగా చెప్పేవాళ్ళని చూశాడు. ప్రతి ప్రశ్నకీ సగటు తీసి జవాబిచ్చే మనిషిని చూడటం మాత్రం ఇదే మొదలు. ఎవరు కనబడినా "ఎన్ని గంటలకి?" అని అడిగే అలవాటువల్ల అతనికి డిపార్టుమెంటులో ఆ పేరు పడింది. ఉద్యోగం వదిలేసి ప్రైవేటు డిటెక్టివ్ అయి తొమ్మిదేళ్ళయినా పేరు అతన్ని వదల్లేదు. 

గోడ మీది గడియారం ఒంటిగంటా నలభై చూపిస్తోంది. నాలుగింటికి సరంగుని కోర్టులో నిలబెడతారు. ఈలోగా ఏమీ తేలకపోతే హత్యానేరం మీద జైలుకి పోతాడు.

సరంగు ఈ కేంద్రంలో పడవ నడుపుతాడు. చచ్చిపోయినాయన ఇక్కడి పెద్ద శాస్త్రవేత్త. ముప్పై ఏళ్ళుగా సరస్సు నీళ్ళ వేడినీ, అందులో పెరిగే కంటికి కనబడనంత చిన్న నాచునీ కొలుస్తూ, లెక్కపెడుతూ బతికాడు కాబట్టి అందరూ ఆయన్ని నాచు మాస్టారనే పిలిచేవారు. నిన్న బుధవారం పొద్దున రెల్లుగడ్డిలో, తల వెనక దెబ్బతో ఆయన శవం దొరికింది. చనిపోయింది సోమవారం సాయంత్రానికీ మంగళవారం పొద్దుటికీ మధ్య అన్నాడు డాక్టరు. నీళ్ళలో నానిన ఒంటిని చూసి అంతకుమించి చెప్పలేనన్నాడు.

నిన్న సాయంత్రం సరంగు అక్క గడియారం ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడింది. ఈ కేంద్రంలో కాంటీన్ నడిపేది ఆవిడే. "మా తమ్ముడు కోపిష్టోడేనన్నా, కాదనను. కానీ వాడికి అబద్ధమాడటం చేతకాదు. చిన్నప్పట్నించీ ఆడిన ప్రతిసారీ దొరికిపోయాడు. మంగళవారం పడవ తీయలేదంటున్నాడంటే తీయలేదు, అంతే," అంది. ఆ ఒక్క మాట పట్టుకుని గడియారం ఈ కేసులోకి దిగాడు. దిగిన దగ్గర్నుంచీ ప్రాణం విసిగిపోతోంది.

"సరే, మాస్టారితో మీకేమైనా గొడవలున్నాయా?"

"సగటున..."

"సగటు వద్దండీ బాబూ! ఉన్నాయా లేవా?"

"లేవు," అన్నాడు డైరెక్టరు నొచ్చుకుని. 

"మీరు సరస్సులోకి వెళ్తుంటారా?"

"వెళ్ళి ఆరేళ్ళయింది. అవసరమేముందండీ? సరస్సంతా ఇక్కడే ఉంది." డైరెక్టరు కుర్చీ తిప్పి, వెనక గోడ నిండా అంటించిన పెద్ద చార్టుని ముద్దుగా చూశాడు. "ముప్పై ఏళ్ళ సగటు. అడ్డంగా ఏడాదికి యాభై రెండు వారాలు. ఈ ఎర్ర గీత పైనీళ్ళ ఉష్ణోగ్రత, నీలం గీత అడుగునీళ్ళది, మధ్య లోతులకి మధ్య గీతలు. వేసవంతా దూరదూరంగా ఉంటాయి. నలభై మూడో వారంలో చూడండి, అన్నీ కలిసిపోతాయి. ఆకుపచ్చ గీత వృక్షప్లవకాలది, అంటే..."

"నాచు."

"అలా అనకూడదండీ."

బయట జీపు ఆగిన చప్పుడు వినబడింది. గడియారం లేచి తలుపు దాకా వెళ్ళి, తన ఖర్మని తనే తిట్టుకున్నాడు. జీపులోంచి దిగుతున్నది ఈ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు. వరసకి అతని తోడల్లుడు. అత్తగారింట్లో కాఫీ ముందు ఎవరికిచ్చారన్న దగ్గర మొదలైన పోటీ పదిహేనేళ్ళుగా చల్లారలేదు.

"అన్నయ్యా! మీరూ వచ్చారా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు నోరంతా నవ్వు చేసుకుని. "ఎందుకు మీకీ శ్రమ? మోకాలు నొప్పన్నారు కదా."

"మోకాలు బాగానే ఉంది తమ్ముడూ. నీ కేసే కుంటుతోంది."

జీపు వెనక సీట్లో బేడీలతో సరంగు కూర్చుని ఉన్నాడు. మొహం వాచి ఉంది. పడవ ఎక్కడ కట్టాడో అతనిచేత చూపించుకుని, సంతకం పెట్టించుకుని, అటునుంచటే కోర్టుకి తీసుకెళ్తారట.

"ఇందులో కుంటడానికేముంది అన్నయ్యా?" ఇన్‌స్పెక్టరు వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. "ప్రతి మంగళవారం మాస్టారు పడవలో ఎర్ర పీపా దాకా వెళ్తాడు. నడిసరస్సులో గొలుసు కట్టి తేలేసిన గుర్తది. అక్కడ లోతు లోతుకీ నీళ్ళ వేడి కొలిచి, సీసాలో నీళ్ళు పట్టుకొస్తాడు. ఈ మంగళవారం ఉదయం ఏడూ పదికి కొలిచినట్టు షీటుంది, ఆయన పొడి అక్షరాల సంతకంతో సహా. సీసా కూడా ఉంది. ఆ రెండూ పొద్దున్న పదింటికి ల్యాబు ట్రేలో కనబడ్డాయి. వెళ్ళినవాళ్ళిద్దరు, తిరిగొచ్చినవాడొకడు. ఇది ఒకటో తరగతి తీసివేత."

"సరంగు తొమ్మిది దాకా రేవులో కూర్చున్నాననీ, మాస్టారు రాకపోతే ఇంటికెళ్ళిపోయాననీ అంటున్నాడు."

"మరి షీటు ఎగిరొచ్చిందా? శనివారం ఇద్దరూ రేవులో అరుచుకున్నారు, అందరూ విన్నారు."

"రాత మాస్టారిదేనని ఎవరన్నారు?"

"డైరెక్టరుగారు."

"ఆయన మంగళవారం ఏడూ పదికి ఎక్కడున్నాడు?"

ఇన్‌స్పెక్టరు ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు ఛాతీ విరిచాడు. "నాతో! ఆరున్నర నుంచి ఎనిమిది దాకా షటిల్ ఆడాం. ప్రతి మంగళవారం ఆడతాం. తొమ్మిదిన్నరకి ఆయన మంచినీళ్ళ బోర్డు మీటింగులో ఉన్నాడు."

"ఎవరు గెలిచారు?"

"అది కేసుకి సంబంధం లేని విషయం," అన్నాడు ఇన్‌స్పెక్టరు, నవ్వు ఆపుకుంటూ.

గడియారం రేవు వైపు నడుస్తుంటే జేబులో ఫోను మోగింది. భార్య. "మా మరిదితో గొడవ పెట్టుకున్నారటగా? చెల్లెలు ఇప్పుడే ఫోన్ చేసింది."

"ఇంకా మొదలుపెట్టలేదే."

"మొదలుపెట్టకండి మరి," అని ఆవిడ పెట్టేసింది. ఎదుటివాణ్ణి రెండు నిమిషాల క్రితం కలిస్తే ఈ వార్త అప్పుడే ఊరు చుట్టి ఎలా వచ్చిందో గడియారానికి అంతుబట్టలేదు. తను ఇలాంటి వేగంతో కేసులు తేల్చగలిగితే ఎంత బావుణ్ణో అనుకున్నాడు.

రేవులో చెక్క గదికి మూడు కొక్కేలున్నాయి. మూడింటికీ నారింజరంగు లైఫ్ జాకెట్లు. పెద్దది ఎవరైనా కొత్తవాళ్ళొస్తే ఇవ్వడానికి. భుజాల దగ్గర మాసిపోయింది మాస్టారిది. దాని జేబులో దారంతో కట్టిన పెన్సిలుంది. తడిస్తే సిరా కారిపోతుందని సరస్సులో ఎప్పుడూ పెన్సిలుతోనే రాస్తారు. మూడోది చిన్నపిల్లల జాకెట్ అంత ఉంది. గడియారం మాస్టారి జాకెట్‌ని పిండి చూశాడు. ఎన్నాళ్ళ నుంచో తడి తగిలిన జాడ లేదు.

"శవం మీద జాకెట్ లేదు. ఇక్కడుంది. జాకెట్ వేసుకోకుండా ముప్పై ఏళ్ళలో ఒక్కసారైనా పడవెక్కాడా ఆయన?"

"చంపాక సరంగు విప్పి తగిలించి ఉంటాడు," అన్నాడు వెనకే వచ్చిన ఇన్‌స్పెక్టరు.

"ఆహా! నడినీళ్ళలో మనిషిని తోసేముందు జాకెట్ విప్పించి, తెచ్చి, పెన్సిలు జేబులో సర్ది, కొక్కేనికి తగిలించి, షీటు తీసుకెళ్ళి ట్రేలో పెట్టి, అప్పుడు పడవ తీయలేదని అబద్ధమాడాడు. తీయలేదని చెప్పేవాడు షీటెందుకు దాచుకోలేదు తమ్ముడూ?"

"నేరస్తులు తప్పులు చేస్తారు అన్నయ్యా."

"పోలీసులు కూడా."

ఇన్‌స్పెక్టరు వినబడనట్టు జీపు వైపు వెళ్ళిపోయాడు. టైము రెండూ ఐదు. గడియారం గొంతు తడి ఆరిపోయి కాంటీన్‌లోకి దూరాడు. సరంగు అక్క పాలు లేని నల్ల టీ గ్లాసు తెచ్చి ముందు పెట్టింది. ఇంతసేపు మనుషులు పెట్టిన విసుగంతా అతను ఆ గ్లాసు మీద చూపించాడు.

"ఇదేం టీ అమ్మా? కషాయంలా ఉంది."

"ఏం చెయ్యనన్నా, మంగళవారం నుంచీ పాలు పెట్టడం మానేశా. తొట్టిలో నీళ్ళు పాడయ్యాయి."

"నీళ్ళు పాడవడమేంటి?"

"చల్లగా రావట్లేదు." ఆవిడ మూలనున్న సిమెంటు తొట్టి చూపించింది. ఒక గొట్టంలోంచి నీళ్ళు వచ్చి, నిండి, ఇంకో గొట్టంలోంచి పోతున్నాయి. "ఫ్రిజ్ చెడిపోయి రెండు నెలలైంది. బాగుచేయించమంటే డైరెక్టరుగారు చేయించలేదు. ల్యాబు వాళ్ళకి సరస్సు అడుగునించి నీళ్ళొచ్చే గొట్టం ఉందిగా, ఇరవై మీటర్ల లోతునించి. మాస్టారు దాంట్లోంచి ఓ పాయ నాకు తిప్పించారు. వేలు పెడితే జివ్వుమనేది. శనివారం తెచ్చిన పాలు మంగళవారం దాకా చెక్కుచెదరకుండా ఉండేవి. ఈసారి మంగళవారం పొద్దున ఆరున్నరకి పొయ్యి మీద పెట్టానో లేదో, విరిగి ముక్కలయ్యాయి."

గడియారం గ్లాసు కింద పెట్టాడు. తొట్టి దగ్గరకెళ్ళి చెయ్యి ముంచాడు. చల్లగానే ఉన్నాయి గానీ, జివ్వుమనడం అన్న మాటే లేదు. స్నానం చేయడానికి బద్ధకించే నీళ్ళంత చల్లగా ఉన్నాయి, అంతే.

"సోమవారం?"

"సోమవారం పొద్దున బానే ఉన్నాయి. గాలివానకి నా రేకు ఎగిరిపోయింది చూడండి, ఆదివారం రాత్రినించీ సోమవారం సాయంత్రం దాకా వీచింది ఆ గాలి. ఐదూ ఇరవైకి మాస్టారికి టీ ఇచ్చా. అప్పటికి పాలు విరగలేదు."

"ఆయన ఏమన్నారు?"

"రేపు బోర్డువాళ్ళ మీటింగుకి నేనే వెళ్ళి చెబుతానమ్మా, ఇవాళ కూర్చుని అంతా రాస్తానన్నారు. ఆరున్నరకి నేను తాళం వేసి వెళ్తుంటే డైరెక్టరుగారి గదిలో ఇంకా లైటుంది."

సాధారణంగా ఐదున్నరకి వెళ్ళే మనిషి! గడియారం జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. "పాలు విరిగిన సంగతి ఎవరికైనా చెప్పావా?"

"డైరెక్టరుగారికే చెప్పా. ఆ మధ్యాహ్నం విరిగిన పాల గిన్నె తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టి, ఇప్పటికైనా ఫ్రిజ్ ఇప్పించండి బాబూ అన్నా. ఆయనేమన్నారో తెలుసా? ఈ వారం అడుగునీళ్ళు సగటున తొమ్మిది డిగ్రీలుంటాయమ్మా, పాలు విరగవు అన్నారు. గిన్నె కళ్ళముందే ఉందన్నా! ఆ మనిషితో ఏం మాట్లాడతాం?"

పొద్దుట్నుంచీ మొదటిసారి గడియారానికి తనలాగే విసిగిపోయిన మనిషి దొరికినట్టయింది. కానీ నవ్వే తీరిక లేదు. ఒక సీసాలో తొట్టి నీళ్ళు పట్టుకుని ల్యాబుకి పరిగెత్తినంత పని చేశాడు.

ల్యాబులో లెక్కలమ్మ మైక్రోస్కోపు మీదికి వంగి, ఎడమచేత్తో చిన్న మీట టక్కుటక్కుమని నొక్కుతోంది. మాస్టారు తెచ్చిన నీళ్ళలో నాచుని ఒక్కొక్కటిగా లెక్కపెట్టేది ఆవిడే. ముప్పై ఏళ్ళుంటాయి, మనిషి పిట్టంత ఉంటుంది. రేవులోని చిన్న జాకెట్ ఎవరిదో గడియారానికి అడక్కుండానే తెలిసింది.

"అమ్మా, ఒక్క నిమిషం..."

"నాలుగొందలు అయ్యాక," అంది తలెత్తకుండా. "ఇప్పుడు మాట్లాడిస్తే మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెట్టాలి."

అతను నిలబడి తన చేతి గడియారం చూసుకున్నాడు. మూడు నిమిషాలు పోయాయి. నాలుగొందలకి ఆవిడ తలెత్తింది. కళ్ళు ఏడ్చి ఎర్రబడి ఉన్నాయి. అతను సీసా ముందు పెట్టి వేడి చూడమన్నాడు. థర్మామీటరు పదిహేను చూపించింది.

"ఇది కాంటీన్ తొట్టిలోదా? అడుగునీళ్ళా?" ఆవిడ గభాలున లేచి నిలబడింది. "అయితే సరస్సు కలిసిపోయింది!"

"నాకర్థమయ్యేలా చెప్పమ్మా. నీటిమీద తేలడం కూడా రానివాణ్ణి."

"వేసవిలో పైనీళ్ళు ఎండకి వేడెక్కి తేలికవుతాయి. అడుగునీళ్ళు చల్లగా, బరువుగా కింద పడుంటాయి. నూనె, నీళ్ళలాగా ఒకదానిమీదొకటి ఉంటాయన్నమాట, కలవవు. చలి మొదలవుతుంటే పైనీళ్ళు చల్లబడతాయి. అప్పుడు గట్టి గాలి వీచిందంటే కుండలో కవ్వం పెట్టినట్టు మొత్తం తిరగబడి ఒకటైపోతాయి. పైనించి అడుగుదాకా ఒకే వేడి. సోమవారం గాలికి అదే జరిగుండాలి."

గడియారం మంగళవారం షీటు నకలు తీసి ఆవిడ ముందు పరిచాడు. పైన పంతొమ్మిది, ఐదు మీటర్ల దగ్గర పద్దెనిమిది, పది దగ్గర పదహారు, పదిహేను దగ్గర పదకొండు, ఇరవై దగ్గర తొమ్మిది.

"మంగళవారం ఏడింటికి ఇలా ఉండదు," అంది ఆవిడ. "ఆరున్నరకే గొట్టంలో వెచ్చని నీళ్ళొస్తే, ఏడూ పదికి అక్కడ తొమ్మిది డిగ్రీలెలా ఉంటాయి? ఇది ఎవరూ కొలిచింది కాదు సార్. రాసింది."

"సీసా సంగతేంటి?"

"దాంతోనే నిన్నట్నుంచీ బుర్ర పాడైంది. అందులో అంతా వేసవి నాచే ఉంది, ఆ పైపైన తేలే నీలాకుపచ్చది. నిన్న రేవులో బక్కెట్టు ముంచితే మాత్రం నిండా గాజు గుల్ల నాచు. అది బరువు, వేసవిలో కిందికి దిగిపోతుంది, నీళ్ళు కలిస్తేనే పైకొస్తుంది. ఒక్క రోజులో ఇంత తేడా ఏంటా అని నాలుగుసార్లు లెక్కపెట్టా. పోయిన వారం నా పుస్తకంలో రాసుకున్నదానితో పోల్చితే అచ్చం అదే లెక్క. నాచు చెడిపోకుండా వేసే మందు కూడా మొదటిరోజు చిక్కటి టీ రంగులో ఉంటుంది, వారానికి వెలిసిపోతుంది. ఇది వెలిసిపోయింది."

"పోయిన వారం నీళ్ళకే కొత్త చీటీ అంటించారు." గడియారం పళ్ళు నూరాడు. "ఈ మాటలు పోలీసులకి ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఇన్‌స్పెక్టరుగారు నన్ను రెండే అడిగారు. పేరు, ఫోన్ నంబరు."

ఆవిడ ఇంకోటి కూడా చెప్పింది. ఈ వేసవిలో పైనీళ్ళు ఎప్పుడూ లేనంత వేడెక్కి, విషం చిమ్మే నాచు మూడింతలు పెరిగింది. ఊరంతా తాగేది ఈ నీళ్ళే. మాస్టారు వారం వారం కొలిచి ఇచ్చిన అంకెలు డైరెక్టరు పక్కన పడేసి, గోడ మీది సగటు అంకెలే బోర్డుకి పంపుతున్నాడని మాస్టారికి శనివారం తెలిసింది. ఒక వారం కాదు, ఆరేళ్ళుగా అదే పని. ఆ కోపంలోనే ఆయన రేవులో సరంగు మీద కూడా అరిచారు.

టైము రెండూ ఇరవై ఐదు. చేతిలో ఉన్నవి విరిగిన పాలూ, వెలిసిన సీసా. వీటితో జడ్జి ముందుకెళ్తే తోడల్లుడు జన్మంతా చెప్పుకుని నవ్వుతాడు.

"ఇప్పుడు ఎర్ర పీపా దగ్గర కొలిస్తే?"

"ఒకసారి కలిసిన నీళ్ళు ఈ ఏడాదికి మళ్ళీ విడిపోవు. పైనా కిందా పదిహేనే చూపిస్తుంది. మాస్టారు చేత్తోనే రాసేవారు గానీ, ల్యాబులో ఉన్న కొత్త పరికరం టైముతో సహా అచ్చు వేసి ఇస్తుంది, ఎవరూ కాదనలేరు. పోను పావుగంట, కొలవడం ఇరవై నిమిషాలు, రాను పావుగంట. చిన్న పడవ నేనే నడపగలను, సరంగన్న నేర్పాడు. మాస్టారి కోసం ఈ మాత్రం చెయ్యకపోతే ఎలా?"

"వెళ్ళు తల్లీ. మూడుంపావుకల్లా రా."

అప్పుడైనా గడియారం నోరు మూసుకుని ఉండాల్సింది. వసారాలో ఇన్‌స్పెక్టరు ఎదురై, "ఏం అన్నయ్యా, కొండను తవ్వి ఎలుకనైనా పట్టారా?" అనేసరికి పదిహేనేళ్ళ కాఫీ కప్పులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "నీ షీటుని నీళ్ళలో ముంచి తీస్తా చూడు. అమ్మాయి ఎర్ర పీపాకి వెళ్తోంది. ముప్పావుగంటలో నీ కేసు మునిగిపోతుంది," అనేశాడు. అన్నాక ప్రాణం హాయిగా ఉంది. ఆ హాయితోనే డైరెక్టరు గదిలోకి వెళ్ళాడు.

గదిలో ఎవరూ లేరు. కళ్ళజోడు తుడిచే గుడ్డ బల్ల మీద మడతపెట్టి ఉంది. గడియారం తిన్నగా చార్టు దగ్గరకెళ్ళి, ఇందాక విసుగుతో వినకుండా వదిలేసిన గీతల్ని ఇప్పుడు వేలితో వెంబడించాడు. ఈ వారం ఏడాదిలో నలభై ఒకటోది. నలభై ఒకటి దగ్గర ఎర్ర గీత మీద ఒక సన్నటి పెన్సిలు చుక్క. మధ్య గీతల మీద మూడు, నీలం గీత మీద ఒకటి. స్కేలు ఆనించి జాగ్రత్తగా పెట్టిన ఐదు చుక్కలు. పక్కన షీటు పట్టుకుని చూశాడు. పంతొమ్మిది, పద్దెనిమిది, పదహారు, పదకొండు, తొమ్మిది. ఒక్క అంకె కూడా అటూ ఇటూ పోలేదు. సగటున సరస్సు నలభై మూడో వారంలో కలుస్తుంది కాబట్టి, నలభై ఒకటిలో కలవదని ఆ మహానుభావుడు నమ్మాడు! కిటికీ అవతల గాలి రేకులు ఎగరగొడుతున్నా, చార్టు చూసుకుని రాసుకున్నాడు. సరస్సుని కళ్ళారా చూసేవాడెవడూ చెయ్యని తప్పది.

సోమవారం సాయంత్రం మాస్టారు చనిపోయారు. మంగళవారం బతికున్నట్టు షీటొకటి పుట్టింది. మంగళవారం ఎవరికి తిరుగులేని సాక్ష్యముందో వాడికే ఆ షీటు అవసరం.

"ఇక్కడున్నారా?" ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడు. "మూడు కావస్తోంది. నేను బయల్దేరాలి."

గడియారం అతని భుజం పట్టుకుని చార్టు ముందు నిలబెట్టి, పాల దగ్గర్నుంచి చుక్కల దాకా మొత్తం చెప్పాడు. 

"పాలా? జడ్జిగారి ముందు నన్ను పాల గురించి మాట్లాడమంటారా?" అని మొదలుపెట్టిన ఇన్‌స్పెక్టరు, ఐదో చుక్క దగ్గరికొచ్చేసరికి టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. మనిషి మొండివాడే గానీ, అంకెలు చదవడం వచ్చు. కాసేపు నీలం గీత వైపే చూశాడు. "వారం వారం నాతో షటిల్ ఆడాడు అన్నయ్యా," అన్నాడు నీరసంగా. "మంగళవారం నేనే గెలిచాను. పదిహేను వారాల్లో మొదటిసారి. చేతులు వణుకుతున్నాయి, నిద్ర లేదన్నాడు."

"అది కేసుకి సంబంధం లేని విషయమన్నావు! సరే, ఇప్పుడెక్కడున్నాడు?"

ఇన్‌స్పెక్టరు మొహంలో రంగు మారింది. "మీరు నాతో మాట్లాడి వెళ్ళగానే కనిపించాడు. మీ అన్నగారు ఏం చేస్తున్నారని అడిగితే, లెక్కలమ్మ ఎర్ర పీపా దగ్గరికి మళ్ళీ కొలవడానికి వెళ్తోందని చెప్పాను. అయ్యో, ఒక్కతే వెళ్తోందా, తోడు వెళ్తానని..."

మిగతా మాట వినడానికి గడియారం అక్కడ లేడు. మోకాలి నొప్పి మరిచిపోయి మెట్లు దిగాడు. ఆరేళ్ళుగా నీళ్ళలోకి దిగని మనిషి ఇవాళ పడవెక్కాడు. ఆ అమ్మాయిని నీళ్ళ మీదికి పంపింది తను. ఆ సంగతి వసారాలో నిలబడి గొప్పగా చాటింది కూడా తనే. తోడల్లుణ్ణి తిట్టడానికి నోరెత్తితే ఆ తిట్టు ముందు తనకే తగులుతుంది.

రేవు చివర నిలబడి చూస్తే దూరంగా ఎర్ర పీపా, దాని పక్కన చిన్న పడవ. ఇంజను ఆగి ఉంది. అందులో రెండు ఆకారాలు.

"పెద్ద పడవ! పెద్ద పడవ ఎవరు తీస్తారు?" అని అరిచాడు గడియారం.

"నేను తీస్తా," అన్నాడు రేవు పక్కనే ఆగి ఉన్న జీపులోంచి సరంగు. అక్క పరిగెత్తుకొచ్చి జీపు కడ్డీ పట్టుకుని నిలబడింది.

ఇన్‌స్పెక్టరు రొప్పుతూ వచ్చాడు. చెయ్యి జేబులోకి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. "ముద్దాయిని వదిలితే... పారిపోతే నా ఉద్యోగం..."

"నీ ఉద్యోగం కోసం ఇంకో ప్రాణం పోవాలా?"

"పారిపోయేవాణ్ణి నీళ్ళలోకెందుకెళ్తా సార్, రోడ్డు పక్కనే ఉందిగా," అన్నాడు సరంగు. గొంతులో కోపం కూడా లేదు, ఒట్టి విసుగే ఉంది. "రెండు రోజుల్నించీ చెబుతున్నా, పడవ తీయలేదని. ఇప్పుడు తీస్తానంటున్నా. ఇదైనా నమ్మండి."

ఇన్‌స్పెక్టరు తాళం తీశాడు. బేడీలు రేవు చెక్కల మీద పడి చప్పుడు చేశాయి. అక్క తమ్ముడి మణికట్టు ఒక్కసారి గట్టిగా నొక్కి వదిలేసింది. సరంగు పెద్ద పడవలోకి దూకి తాడు విప్పుతూ, అలవాటుగా గది కొక్కేల వైపు చూశాడు. చేతిలో తాడు అలాగే ఉండిపోయింది.

గడియారం కూడా అటు చూశాడు. కొత్తవాళ్ళకిచ్చే పెద్ద జాకెట్ లేదు. మాస్టారిది ఉంది. దాని పక్కన, చిన్నది ఉంది.

"నేను చూశానన్నా," అంది అక్క. "జాకెట్ కోసం ఆవిడ వెనక్కొస్తుంటే, డైరెక్టరుగారే ఆపారు. నువ్వు ఇంజను చూసుకోమ్మా, నీది నేను తెస్తాలే అన్నారు."

"లెక్కలమ్మకి ఈత రాదు సార్," అన్నాడు సరంగు, ఇంజను తాడు లాగుతూ.

అవతల చిన్న పడవలో ఒక ఆకారం లేచి నిలబడింది. గడియారం ఆ చిన్న జాకెట్‌ని కొక్కెం నుంచి లాక్కుని, జన్మలో మొదటిసారి పడవలోకి దూకాడు. అప్పుడు టైమెంతైందో అతను చూసుకోలేదు.